మా బిడ్డ ముచ్చట ఎవలకు చెప్పాల్నో మమ్మల్ని అడిగి చెప్పున్రి

నల్లగొండ, పాలమూరు, నాగర్‌కర్నూల్ దిక్కు పిల్లల్ని చూస్తున్న డాక్టర్లకు, నర్సమ్మలకు, థెరపీ సార్లకు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని చూసే భవిత కేంద్రం టీచర్లకు, బడి హెడ్మాస్టర్లకు, అంగన్‌వాడీ టీచరమ్మలకు, ఆశక్కలకు, మీ అందరికీ ఒక అమ్మ రాస్తున్న బహిరంగ లేఖ.

నమస్తే. నాది దేవరకొండ దిక్కు ఒక ఊరు. ఇంటికాడ మిషన్ కుడత, జాకెట్లు, ఫాల్స్, జూన్ నెలొస్తే బడి యూనిఫారాలు. మా ఆయన ట్రాక్టర్ నడుపుతడు. మాకు ఒక్కతే బిడ్డ, ఎనిమిదేండ్లు, మూడో తరగతి. రెండున్నర ఏండ్లప్పటి నుంచి ఫిట్స్ ఉన్నయ్, మాట కూడా జర ఆలస్యంగ వచ్చింది, ఇప్పుడు మంచిగనే మాట్లాడుతది గని 'ర'ను ఇంకా 'ల' అనే అంటది. పేరు రాస్తలేను. ఎందుకు రాస్తలేనో ముందు ముందు మీకే అర్థమైతది.

మా ఇంట్ల మేకుకు ఒక సంచి ఏలాడుతుంటది, చీరల షాపోళ్లు ఇచ్చిన పసుపు రంగు సంచి. అదే మా బిడ్డ ఫైలు. అండ్ల టీకాల కార్డు ఉన్నది, అంగన్‌వాడీల స్క్రీనింగ్ చేసిన ఆర్‌బీఎస్‌కే (పిల్లల్ని పరీక్షించే సర్కారు ప్రోగ్రాం) టీమోళ్లు ఇచ్చిన కాయితం ఉన్నది, ఎంఆర్ఐ ఫిల్ము పెద్దగుంటది కాబట్టి సగం బయిటికే ఉంటది, రెండు ఈఈజీలు (మెదడు గీతలు తీసే పరీక్ష), నలుగురు డాక్టర్ల చీటీలు, మందుల షాపు బిల్లులు, భవిత సెంటర్ల రాసిచ్చిన నోటుబుక్కు. ఎక్కడికి పోయినా ఈ సంచి సంకకు తగిలిచ్చుకొని పోవుడే. ఈఈజీలు రెండెందుకు అంటరా, మొదటిది చేసిన కాడి నుంచి రెండో డాక్టరుకు రిపోర్టు పోలేదు, నా దగ్గరున్న జిరాక్సుల గీతలు సరిగ పడలేదు, మల్ల చెయ్యాలె అన్నరు. ఈఈజీ అంటే తెలిసినోళ్లకు తెలుసు, తలకు నూనె ఉండొద్దు, రాత్రి నిద్ర తక్కువ పోనియ్యాలె, రాత్రి పన్నెండు దాకా ఆ పిల్లను మేల్కొలిపి ఉంచి పొద్దుగాల నాలుగింటికి లేపి మాల్ ఊరి మీదికెళ్లి పొయ్యే హైదరాబాద్ బస్సు ఎక్కాలె. ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయినంక చార్జీ పోతలేదు, కాదనను. ఆ రోజు కుట్టుడు పైసలు మాత్రం పోతయ్. ఇంకో దవాఖానల పాత రిపోర్టు కాపీ ఇయ్యున్రి అంటే కౌంటర్ కాడున్నాయన "మీకెందుకమ్మా, మేం చూస్కుంటం గదా" అన్నడు. డాక్టర్ల నియమాలల్ల, 2002ల వచ్చిన ఎథిక్స్ రూల్స్ అవి, పేషెంటు గానీ వాళ్ల తరఫున అధికారం ఉన్నోళ్లు గానీ అడిగితే రికార్డులు 72 గంటలల్ల ఇయ్యాలె అని రాసి ఉన్నది. అది నాకు రెండేండ్ల తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసుంటే ఆయనకు చెప్పొచ్చేదాన్ని.

ఇదంత ఎందుకు చెప్తున్న అంటే, ఒక్క పిల్లను ఇంతమంది చూస్తున్నరు, ఏడెనిమిది మంది అవుతరు, వాళ్ల మధ్యన మాట పోయే తొవ్వ ఏంటిదంటే నేను. నేను, నా సంచి. నాకు పదో తరగతి దాకనే చదువు, డాక్టర్ రాసింది నేను చదివి ఇంకో సారుకు చెప్పాలె, అది తప్పు చెప్తే తప్పు నాది.

నిరుడు ఎండాకాలం సెలవుల హైదరాబాద్ డాక్టర్ సిరప్పు డోసు పెంచిండు, పూటకు 3 ఎంఎల్ నుంచి 5 ఎంఎల్ చేసిండు, కొన్ని దినాలు మత్తుగ ఉంటదమ్మా, తర్వాత సర్దుకుంటది అన్నడు. జూన్‌ల బడి తెరిచిన్రు. వారం తిరగకముందే క్లాస్ టీచర్ నన్ను పిలిపిచ్చింది, పాప రోజూ డెస్కు మీద తల పెట్టి పండుకుంటుంది, రాత్రి ఫోన్లు గిట్ల చూపిస్తున్నరా, ఇంట్ల ఏమన్న గొడవలా అని అడిగింది. మంచిగనే అడిగింది పాపం, కోపంగ కాదు. నేను మందు డోసు ముచ్చట చెప్పంగనే ఆమె మొహం మారింది, ఫిట్స్ మందా, మీ పాపకు ఫిట్స్ ఉన్నయా, నాకెవ్వరూ చెప్పలే అన్నది.

నేను చెప్పిన. ఒకటో తరగతిల చేర్పిచ్చిన నాడే ఒక కాయితం మీద రాసి, దస్కత్ పెట్టి ఇచ్చిన. ఆ కాయితం ఏడికి పోయిందంటే ఆఫీసు రూంల బీరువలకు పోయింది. తాళం. ఎవలన్న అడిగితే 'కాన్ఫిడెన్షియల్' అంటరట.

తర్వాత ఆగస్టుల అనుకున్నంత అయ్యింది. మధ్యాహ్నం బువ్వ తిన్నంక బడి వరండల ఫిట్స్ వచ్చినయ్. ఆ టీచర్ ఆ రోజు లీవు. ఉన్నోళ్లల్ల ఒకాయన బండి తాళంచెవులు చేతుల పెట్టిండు, వంట చేసే అవ్వ ఉల్లిగడ్డ దంచి ముక్కుకాడ పెట్టింది, ఇంకెవలో పండ్ల మధ్య చెంచ పెట్ట చూసిన్రు, పెదవి తెగింది. నేను పోయేసరికి తెల్ల యూనిఫారం మీద రక్తం, నేను కుట్టిన యూనిఫారమే. వాళ్లను నేను తిట్టలే. ఎవలన్న కావాలని చెయ్యరు గదా, వాళ్లకు తెలిసింది వాళ్లు చేసిన్రు. చెయ్యాల్సింది నిజానికి చానా చిన్న పని, పిల్లను పక్కకు ఒరిగిచ్చి పండబెట్టాలె, తల కింద మెత్తటిది ఏదన్న పెట్టాలె, నోట్ల ఏం పెట్టొద్దు, గట్టిగ అదిమి పట్టుకోవద్దు, గడియారం చూడాలె, 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యాలె. గింతే. నేనిచ్చిన కాయితంల ఇదంత ఉన్నది, ఇదే వరుసల ఉన్నది. అది బీరువల ఉన్నది.

ఇగ రెండో కథ చూడున్రి. అదే రోజు సాయంత్రం ఆ బడి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపుల మెసేజ్ వచ్చింది, ఈ రోజు మూడో తరగతి ఫలానా పాపకు ఫిట్స్ వచ్చాయి, ఇప్పుడు బాగానే ఉంది, ఎవరూ ఆందోళన పడవద్దు అని, పేరు ఇంటిపేరుతో సహా. రాసినోళ్లు కూడా మంచికే రాసిన్రు కావచ్చు, పిల్లలు ఇంటికి పోయి చెప్తే తల్లిదండ్రులు భయపడతరని. గని ఏడు గంటలకు ఆ మెసేజ్ వస్తే ఎనిమిదిన్నరకు కల్వకుర్తి నుంచి మా అత్తగారి ఆడబిడ్డ ఫోన్ చేసింది. "గింత ముచ్చట మాకు చెప్పలేదేందే" అని. అంటే గంటన్నరల ఊరు దాటింది, జిల్ల కూడా దాటింది. తెల్లారి మా బిడ్డ పక్కన కూసునే పిల్ల వేరే బెంచికి పోయింది, వాళ్ల అమ్మ చెప్పిందట, అంటుకుంటదేమో అని. ఫిట్స్ అంటుకునేది కాదు. రోగం ముచ్చట అందరికీ చెప్పిన్రు, అది అంటుకోదు అన్న ముచ్చట తెల్వనోళ్లకు ఎవలు చెప్పాలె.

ఎవలో అంటరు, దాంట్ల ఏమున్నది, దాచుకునే రోగమా అది అని. కాదు. నేను కూడా సిగ్గుపడతలేను. గని మా దిక్కు ఆడపిల్ల తల్లిని అడుగున్రి. హిందూ వివాహ చట్టంలనే మూర్ఛరోగం ఉన్నోళ్ల పెండ్లికి అడ్డంకి రాసి ఉండె, 1999ల సవరణ చేసి తీసేసిన్రు. చట్టంల నుంచి తీసేసి పాతికేండ్లు దాటింది, సంబంధాలు కుదిర్చే పెద్దమనుషుల నోట్ల నుంచి ఇంకా తియ్యలే. మా బిడ్డకు పదిహేనేండ్లు వచ్చేసరికి మందులు బందయినా అవుతయేమో, చానామంది పిల్లలకు బందయితయ్ అన్నడు డాక్టర్. మందు బందయినా ఆ మెసేజ్ ఎవలి ఫోన్లనో ఉంటది.

ఇప్పుడు రెండు కథలు పక్కపక్కన పెట్టి చూడున్రి. తెలియాల్సిన క్లాస్ టీచరుకు తెలియలే, ఊర్ల ఉన్న రెండొందల ఫోన్లకు తెలిసింది. నేను ఒప్పుకుంటున్న అని రాసిచ్చిన చోట ఆగిపోయింది, నన్ను అడగనే అడగని చోటికి ఉరికింది. నాకు కోపం వచ్చేది గీడనే. ప్రైవసీ అని ఒకాయన, పారదర్శకత అని ఇంకొకాయన మాట్లాడుతరు, మధ్యన తల్లిని అడిగినోడు లేడు.

పట్నంల ఒక ప్రైవేటు థెరపీ సెంటర్‌ల కూడా మాకు గిట్లనే అయ్యింది, పేరు చెప్పను. స్పీచ్ థెరపీకి నాలుగు నెలలు పోయినం. చేర్చుకునేటప్పుడు నాలుగు పేజీల ఫారం ఇచ్చిన్రు, మొత్తం ఇంగ్లీషు, ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అని పెన్సిల్‌తో టిక్కులు పెట్టి దస్కత్ తీసుకున్నరు. మూడు నెలలయినంక మా తమ్ముడు ఫేస్‌బుక్‌ల ఒక వీడియో పంపిండు, అక్కా గిది మన పాప గదా అని. అద్దం ముందట కూసొని 'ల ల ల' అనుకుంట నాలుక తిప్పుతుంది, కింద సెంటర్ ఫోన్ నంబరు. అడిగితే మూడో పేజీ తీసి చూపిచ్చిన్రు, ఫొటోలు వీడియోలు ప్రచారానికి వాడుకోవచ్చు అని మీరే ఒప్పుకున్నరమ్మా అని. నిజమే, దస్కత్ నాదే. తీసెయ్యమంటే తీసేసిన్రు, అది చెప్పాలె. గని ఇదే సెంటర్‌ల నేను మా భవిత టీచరుకు మీరు చేయిస్తున్న ఎక్సర్‌సైజులు రాసియ్యున్రి అంటే అది మా పద్ధతి, బయిటికి ఇయ్యం అన్నరు. పిల్ల మొహం బయిటికి ఇయ్యొచ్చట, పిల్లకు పనికొచ్చే ఎక్సర్‌సైజ్ బయిటికి ఇయ్యొద్దట.

మా జిల్లకు ఇది కొత్త కాదు అనుకోండి. చిన్నప్పటి నుంచి చూస్తున్నం, మర్రిగూడ దిక్కు, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన పిల్లల ఫొటోలు. నీళ్లల్ల లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది, మా దిక్కు బోర్లల్ల దానికి ఎన్నో రెట్లుండె. ఆ ఫొటోలు పేపర్లల్ల, టీవీలల్ల, ఢిల్లీ దాక పోయినయ్. వాటి వల్లనే కృష్ణ నీళ్లు వచ్చినయి అంటరు, అండ్ల నిజం ఉన్నది, నేను కాదనను, ఆ పిల్లల్ని చూస్తేగాని పెద్దోళ్లు కదలలే. అయినా నాకొక్కటే అనిపిస్తది. ఆ పిల్లగాండ్ల అమ్మలను, ఈ ఫొటో ఎక్కడెక్కడికి పోతదో చెప్పి అడిగి తీసిన్రా అని. అడిగితే వాళ్లు వద్దనేటోళ్లు కాదేమో, ఊరికి నీళ్లొస్తయంటే ఏ తల్లి వద్దంటది. అడగకుండ తీసుడు మాత్రం అప్పటి నుంచే అలవాటయ్యింది, పేదోళ్ల పిల్లలు కదా, దవాఖాన పిల్లలు కదా అని.

చట్టం ముచ్చట కూడా చెప్తున్న, మా తమ్ముడు డిగ్రీ చదివిండు, వాడు చదివి నాకు తెలుగుల చెప్పిండు, తర్వాత నేను కూడా కూసొని చూసిన. 2023 ఆగస్టుల డిజిటల్ పర్సనల్ డేటా చట్టం వచ్చింది. 18 ఏండ్ల లోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలె, అది కూడా ఒప్పుకున్నది నిజంగ తల్లిదండ్రులేనా అని సరిచూసుకోవాలె అని తొమ్మిదో సెక్షన్ చెప్తది. ఒప్పుకోలు అంటే ఎట్లుండాలె అంటే, బలవంతం లేకుండ, ఏ పనికో స్పష్టంగ, తెలిసి ఇచ్చింది అయ్యుండాలె. అడిగే నోటీసు ఇంగ్లీషుల గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్ల ఉన్న 22 భాషలల్ల ఏ భాషల కావాల్నంటే ఆ భాషల గానీ చదువుకునే వీలుండాలె, అండ్ల తెలుగు ఉన్నది. (మా పక్క తండాలల్ల ఇంట్ల లంబాడీ మాట్లాడుతరు, ఆ భాష ఆ షెడ్యూల్ల లేదు, వాళ్లకు నోటితోని చెప్పుడే దిక్కు.) ఇచ్చిన ఒప్పుకోలు ఎంత సులువుగ ఇచ్చినమో అంత సులువుగ వాపస్ తీసుకునేటట్టు ఉండాలె. రూల్స్ 2025 నవంబర్ల వచ్చినయ్, అండ్ల ముఖ్యమైనయి 18 నెలలకు అమలుకు వస్తయ్. పిల్లల విషయంల తప్పు చేస్తే జరిమాన 200 కోట్ల దాక వెయ్యొచ్చట. సార్లూ, మీ మీద 200 కోట్లు వేయించాలని నాకేం కోరిక లేదు, నాకు కావాల్సింది రెండు రూపాయల జిరాక్సు.

అయితే అదే రూల్స్‌ల డాక్టర్లకు, దవాఖానలకు, బడులకు, పసిపిల్లల్ని చూసుకునే సెంటర్లకు ఒక మినహాయింపు ఉన్నది. దవాఖానలకేమో పిల్ల ఆరోగ్యానికి ఎంత అవసరమో అంత మటుకు, బడులకేమో చదువుకు, పిల్ల భద్రతకు ఎంత అవసరమో అంత మటుకు, ఆ తల్లిదండ్రుల ఒప్పుకోలు లెక్క పట్టదు అని. మొదట ఇది విని నాకు మండింది, మొత్తం వీళ్లకే వదిలిపెట్టిన్రా అని. తర్వాత ఆలోచిస్తే అది కరెక్టే అనిపించింది. వరండల పిల్ల కొట్టుకుంటుంటే నా దస్కత్ కోసం ఎవలన్న ఆగాల్నా? ఆగొద్దు. గని ఆ 'ఎంత అవసరమో అంత' అనేది ఎవలు కొలుస్తున్నరు, గదీ నా ప్రశ్న. క్లాస్ టీచరుకు చెప్పుడు ఆ అంతల ఉన్నది. రెండొందల మంది గ్రూపుల పేరు పెట్టుడు ఆ అంతల లేదు. ఇది చెప్పనీకి లాయర్ కావాల్సిన పని లేదు.

ఇంకోటి, ఈ చట్టం ఫోన్లకు కంప్యూటర్లకు ఎక్కించిన వివరాలకే. బీరువల కాయితానికి, ఆయమ్మ నోటికి ఈ చట్టం పట్టదు, అక్కడ మర్యాద కావాలె.

దస్కత్ ఎవలు పెట్టాలె అనేది మా పాలమూరు దిక్కు ఇంకో పెద్ద కథ. మా చెల్లెను అచ్చంపేట అవతల ఇచ్చినం. వాళ్ల వాడకట్టుల సగం ఇండ్లు ముసలోళ్లు, పిల్లలే ఉంటరు, నడీడు వాళ్లంత బొంబాయికో పుణెకో మేస్త్రీ వెంట పోయి ఉంటరు. పాలమూరు లేబర్ అని దేశమంత తెలుసు గదా. అక్కడొక పిలగాడికి చెవు సరిగ వినపడదని ఆర్‌బీఎస్‌కే టీమోళ్లు గుర్తుపట్టిన్రు. ఈ టీములు మంచి పని చేస్తయ్, నేను ఒట్టిగ అంటలేను, 2013ల మొదలయ్యింది ఆ ప్రోగ్రాం, పుట్టినప్పటి నుంచి 18 ఏండ్ల దాక చూస్తరు, అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి వస్తరు, మా బిడ్డ మాట ఆలస్యం కూడా ముందు పట్టుకున్నది వాళ్లే. ఆ పిలగాన్ని జిల్ల కేంద్రంల చూపియ్యాలె, అక్కడి రిపోర్టు బడికి కూడా పంపాలె, తల్లిదండ్రుల సంతకం కావాలె అన్నరు. అమ్మ నాయిన పుణెల బిల్డింగ్ పని మీద ఉన్నరు. ఇంట్ల నాయినమ్మ ఉన్నది, ఆమె ఏలుముద్ర పనికిరాదన్నరు. ఉగాదికి వాళ్లు వచ్చేదాక ఐదు నెలలు ఆ పిలగాడు వెనక బెంచిల కూసున్నడు. అదే బడిల వేరే ఫారానికి, పిల్లల చదువు రికార్డు కోసం 12 అంకెల అపార్ నంబరు ఇచ్చేటప్పుడు, తల్లిదండ్రుల ఒప్పుకోలు ఫారం మీద అదే నాయినమ్మ ఏలుముద్ర పనికొచ్చింది. పైకి లెక్క చూపియ్యాలంటే పనికొస్తది, పిలగాడి చెవుకు పనికిరాదు.

గట్ల కాకుండ వలస పొయ్యే ముందే, ఆ అమ్మ నాయిన ఊర్ల ఉన్నప్పుడే, మేం లేనప్పుడు ఆరోగ్యం ముచ్చట్లల్ల మా అవ్వ చెప్తే మేం చెప్పినట్టే అని ఒక కాయితం రాయించి పెట్టుకుంటే ఏమైతది. దసరా అయినంక మేస్త్రీలు అడ్వాన్సు ఇచ్చి లారీ ఎక్కిచ్చే దినం అంగన్‌వాడీ టీచరుకు తెల్వదా, అందరికంటే ముందు ఆమెకే తెలుస్తది. లేదంటే వీడియో కాల్ చేసి తల్లిని అడిగి, ఫలానా రోజు ఫలానా టైముకు తల్లి ఒప్పుకున్నది అని రిజిస్టర్ల రాసి ఇంకొకరితోని సాక్షి సంతకం పెట్టించుకోవచ్చు. పుణెల ఉన్న తల్లికి కూడా స్మార్ట్‌ఫోనే ఉంటది.

ఒక మాట మా మీద మేం కూడా చెప్పుకోవాలె. ప్రతిసారి తల్లిదండ్రులను అడగాలె అని నేను అంటలేను. పిల్లను కొట్టేటోడు, పాడుపని చేసేటోడు ఇంట్లనే ఉంటే, వాని ఒప్పుకోలు అడుగుడేంది? పిల్లల మీద పాడుపని జరిగితే, దాని కోసమే ఉన్న పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినోళ్లు ఎవలైనా సరే పోలీసులకు చెప్పి తీరాలె, చెప్పకుంటే అదే నేరం. డాక్టరమ్మ అయినా టీచర్ అయినా ఇంటోళ్ల మొహం చూడొద్దు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కొట్టున్రి. అక్కడ కూడా చెప్పాల్సినోళ్లకే చెప్పాలె గని స్టాఫ్ రూంల కాదు, ఆ పిల్ల పేరు బయిట పెట్టుడు కూడా నేరమే.

ఇంకొకటి, మందు ముచ్చట. వానాకాలం మా బిడ్డకు మోషన్స్ అయితే దగ్గర్ల ఉన్న డాక్టర్ కాడికి తీస్కపోయిన, ఆ రోజు సంచి మర్చిపోయిన, తొందరల ఏ సిరప్పు వాడుతున్నమో పేరు నోటికి రాలె. ఆయన ఒక యాంటీబయాటిక్ రాసిండు. రెండోనాడు రాత్రి ఫిట్స్ వచ్చినయ్. దానివల్లనే అని నేను అనను, జ్వరం కూడా ఉండె, జ్వరానికి కూడా వస్తయట. గని హైదరాబాద్ డాక్టర్ ఆ చీటీ చూసి, ఫిట్స్ ఉన్న పిల్లలకు ఈ రకం గోలీలు జాగ్రత్తగ ఇయ్యాలమ్మా, ఫిట్స్ తొందరగ రావొచ్చు అన్నడు. మా ఊరు డాక్టరుకు ఈ సంగతి చెప్తే ఆయన బాధపడ్డడు, ఆ సిరప్పు ముచ్చట తెలిస్తే వేరేది రాస్తుంటి అన్నడు. అప్పటి నుంచి మందు పేరు, డోసు ఒక చీటీ మీద రాసి పిల్ల బడి సంచి లోపటి జేబుల, నా పర్సుల, మా ఆయన ట్రాక్టర్ బాక్సుల, మూడు చోట్ల పెట్టిన. ఆధార్‌తోని ఆభా నంబరు, అంటే ఆరోగ్యం ఖాతా నంబరు, తీస్కుంటే, 14 అంకెలుంటది, రిపోర్టులన్ని అండ్లనే ఉంటయ్, మనం ఫోన్ల సరే అంటేనే వేరే డాక్టర్ చూడగలుగుతడు అంటరు. ఐడియా మంచిదే. గని మేం పొయ్యే చోట్లల్ల సగం మంది ఇంకా చిన్న చీటీ మీద పెన్నుతోనే రాస్తరు, అండ్లకెళ్లి కంప్యూటర్లకు ఎవలెక్కిస్తరు. అందాక చీటీనే.

మీరందరూ పనిల పడి సతమతమైతున్నరని తెలుసు. ఒక అంగన్‌వాడీ టీచరమ్మ ఒక చేత్తో బువ్వ పెట్టుకుంట ఇంకో చేత్తో యాపుల ఫొటోలు ఎక్కించుకుంట ఎంత పరేషాన్ అయితదో రోజూ చూస్తున్న. భవిత కేంద్రంకు ఫిజియోథెరపీ సారు వారానికి ఒక్కరోజు వస్తడు, ఆ ఒక్కరోజుల ఎంతమందిని చూడాలె. ఇంకో ఇరవై పేజీల ఫారం పెట్టున్రి అని నేను అడుగుతలేను. ఉన్న ఫారాలల్ల ఇంగ్లీషు పేజీలు చింపేసి అర పేజీ తెలుగుల పెట్టున్రి అంటున్న. ఎవలకు చెప్తున్నరో, ఏం చెప్తున్నరో, ఎన్ని దినాల దాకనో అండ్ల ఉండాలె. ట్రీట్‌మెంటుకు సరే అంటే ఫొటోకు కూడా సరే అన్నట్టు ఒకే దస్కత్ల కలిపి గుంజుకోవద్దు, దాని టిక్కు దానికి, దీని టిక్కు దీనికి. ఫొటోకు వద్దు అంటే పిల్లకు థెరపీ ఆగొద్దు, మొహం మాడ్చుకోవద్దు. రాసిచ్చినంక మాకొక కాపీ ఇయ్యున్రి. ఏడాది తిరిగినంక మల్ల అడుగున్రి, పిల్ల మారుతది, మందు మారుతది, మా మనసు కూడా మారొచ్చు.

పిల్లను కూడా అడుగున్రి, కుదిరితే. ఆగస్టుల ఆ మెసేజ్ వచ్చిన మూడో నాడు నేను జడలు వేస్తుంటే మా బిడ్డ అడిగింది, "అమ్మా, నా ముచ్చట అందలికీ ఎందుకు చెప్పిన్లు" అని. నేను రిబ్బన్ దొరుకుతలేదన్నట్టు లోపటికి పోయిన.

వచ్చే జూన్‌ల నాలుగో తరగతి. మీ ఫారం వచ్చేదాక ఆగేది లేదని నేనే ఒకటి రాసుకున్న, మా తమ్ముడు టైపు కొట్టిచ్చిండు. ఇట్లున్నది: "మా పాపకు ఫిట్స్ ఉన్నయ్. సిరప్పు పొద్దున 5 ఎంఎల్, రాత్రి 5 ఎంఎల్, ఇంట్లనే ఏస్తం. బడిల ఫిట్స్ వస్తే పక్కకు ఒరిగిచ్చి పండబెట్టున్రి, నోట్ల ఏం పెట్టొద్దు, చేతుల తాళాలు పెట్టొద్దు, టైం చూడున్రి, 5 నిమిషాలు దాటితే 108, తర్వాత మాకు ఫోన్. ఈ సంగతి క్లాస్ టీచరుకు, పీఈటీ సారుకు, వంట అవ్వకు, భవిత టీచరుకు చెప్పనీకి ఒప్పుకుంటున్నం. వీళ్లు కాక ఇంకెవలకన్న చెప్పాల్సొస్తే ముందు మమ్మల్ని అడగాలె. గ్రూపుల పెట్టొద్దు. ఫొటో వద్దు. ఇది వచ్చే ఏప్రిల్ దాక." కింద నా దస్కత్, మా ఆయన దస్కత్.

వాటి పక్కన ఇంకో గీత గీసి ఖాళీగ పెట్టిన. అది తీసుకున్నోళ్లు పెట్టాల్సిన దస్కత్.

ఇట్లు,
దేవరకొండ దిక్కు ఒక అమ్మ